డాంగిల్ పనిచేయకపోతే తప్పు లినక్స్‌దేనా? కోల్‌కతా చెబుతున్న పాఠం

దేశంలో తొలి మొబైల్ ఫోన్ సంభాషణ 1995 జులై 31న నాటి కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి జరిగింది. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఆ రోజు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్ రామ్‌తో మాట్లాడారు. దేశంలో తొలి 4జీ సేవ కూడా ఈ నగరంలోనే మొదలైంది. 2012 ఏప్రిల్ 10న ఎయిర్‌టెల్ దానిని ప్రారంభించినప్పుడు, ఆ సేవ ప్రజలకు ఫోన్ల ద్వారా కాక, కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ డాంగిళ్ల ద్వారా, ఇంట్లో అమర్చుకునే మోడెంల ద్వారా అందింది.

ఏడేళ్ల తరువాత మరో మార్పు వచ్చింది. 2019లో ఎయిర్‌టెల్ తన 3జీ సేవలను దేశంలో అన్నిటికంటే ముందుగా కోల్‌కతా సర్కిల్‌లోనే నిలిపివేసింది. ఆ తరంగాలను 4జీకి మళ్లించింది. కొత్త సాంకేతికతను ముందుగా చూసిన నగరమే పాతదానికి ముందుగా వీడ్కోలు పలికింది.

ఈ చరిత్రకు, లినక్స్ కంప్యూటర్‌లో డాంగిల్ మొరాయించడానికి దగ్గరి సంబంధం ఉంది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు సరిపడని పాత కంప్యూటర్లను పారవేయకుండా లినక్స్‌తో నడుపుకోవడం ఒక మార్గం. అటువంటి యంత్రానికి ఇంటర్నెట్ కోసం సొరుగులో ఉన్న పాత డాంగిల్‌ను తగిలిస్తే, తరచుగా ఏమీ జరగదు. అప్పుడు చాలామంది చెప్పే మాట ఒక్కటే: ‘లినక్స్‌లో డ్రైవర్ లేదు.’

వాస్తవానికి డ్రైవర్ లేకపోవడం అరుదు. డాంగిల్ ఇంటర్నెట్‌ను చేరడానికి ఐదు మెట్లు ఎక్కాలి. అది ఏ మెట్టు వద్ద ఆగిందో తెలిస్తే మరమ్మతు సగం పూర్తయినట్లే.

మొదటి మెట్టు: కంప్యూటర్‌కు కనిపిస్తోందా?

టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ ఆదేశం ఇస్తే, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా వస్తుంది. ప్రతి పరికరానికి రెండు భాగాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మొదటి భాగం తయారీ సంస్థది. హువావేకు అది 12డి1, జెడ్‌టీఈకి 19డి2.

జాబితాలో డాంగిల్ అసలే లేకపోతే సమస్య డ్రైవర్‌ది కాదు. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు సాధారణంగా 500 మిల్లీఆంపియర్ల విద్యుత్తును మాత్రమే ఇస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు డాంగిల్ ఎక్కువ విద్యుత్తును కోరుతుంది. పొడవైన ఎక్స్‌టెన్షన్ తీగను, హబ్‌ను తొలగించి, డెస్క్‌టాప్ వెనుక ఉన్న పోర్టుకు నేరుగా తగిలించి చూడాలి. కాసేపు పనిచేసి హఠాత్తుగా మాయమయ్యే డాంగిళ్ల విషయంలోనూ మొదట అనుమానించవలసింది దీనినే.

రెండవ మెట్టు: సీడీ వేషం విడిచిందా?

చాలా డాంగిళ్లు కంప్యూటర్‌కు తగిలించగానే మోడెంగా కాక సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుంటాయి. ఇది లోపం కాదు, ఉద్దేశపూర్వక ఏర్పాటు. విండోస్‌కు కావలసిన డ్రైవర్లను తయారీదారులు డాంగిల్‌లోనే భద్రపరిచారు. వాటిని ఇన్‌స్టాల్ చేసిన తరువాత విండోస్ ఒక సంకేతం పంపుతుంది. అప్పుడు డాంగిల్ సీడీ వేషం విడిచి మోడెంగా మారుతుంది.

లినక్స్‌లో ఆ సంకేతం పంపే బాధ్యత ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ అనే చిన్న ప్రోగ్రాంది. అనేక డాంగిళ్లకు ఆ సంకేతం ‘సీడీని బయటికి తీయి’ అన్న సాధారణ ఆదేశమే. మార్పు జరిగిందో లేదో గుర్తింపు సంఖ్యే చెబుతుంది. ఉదాహరణకు కొన్ని హువావే డాంగిళ్లు మొదట 12డి1:1446గా కనిపించి, మారిన తరువాత 12డి1:1001గా కనిపిస్తాయి. రెండవ భాగం మారకపోతే డాంగిల్ ఇంకా సీడీగానే ఉన్నట్లు.

ఇక్కడొక చిక్కు ఉంది. ఆ ప్రోగ్రాం లేకపోతే దానిని తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే ఆ ప్రోగ్రాం కావాలి. స్మార్ట్‌ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్‌ను ఆన్ చేస్తే ఈ చిక్కు వీడుతుంది. ఆ కొద్దిసేపటి కనెక్షన్‌తోనే యూఎస్‌బీ మోడ్‌స్విచ్‌ను, మోడెం మేనేజర్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు.

మూడవ మెట్టు: డ్రైవర్ జతకలిసిందా?

పాత 3జీ డాంగిళ్లను ‘ఆప్షన్’ అనే డ్రైవర్ నడుపుతుంది. తరువాతి తరం డాంగిళ్లలో పలు రకాలకు ‘క్యూఎంఐ వ్యాన్’, ‘సీడీసీ ఎంబిమ్’ అనే డ్రైవర్లు ఉన్నాయి. ఇవన్నీ లినక్స్ కెర్నెల్‌లో భాగమే. వీటి కోసం అపరిచిత వెబ్‌సైట్లను ఆశ్రయించడం వెన్న చేతబట్టుకుని నేతికి వెతికినట్లే. పైగా ఎవరో ఇచ్చిన ఫైలును నిర్వాహక అధికారాలతో నడిపితే కంప్యూటర్ మొత్తాన్ని వారి చేతికి అప్పగించినట్లవుతుంది.

‘డీమెస్‌జీ’ ఆదేశం ఇస్తే కెర్నెల్ రాసుకున్న సందేశాలు కనిపిస్తాయి. అందులో ‘టీటీవై యూఎస్‌బీ 0’ వంటి పేర్లు గానీ, ‘డబ్ల్యూవ్యాన్ 0’ వంటి పేరు గానీ కనిపిస్తే డ్రైవర్ తన పని చేసినట్లు.

హువావే హైలింక్ రకం డాంగిళ్లు దీనికి భిన్నం. అవి లోపల చిన్న రౌటర్ వంటివి. కంప్యూటర్‌కు మోడెంగా కాక నెట్‌వర్క్ కార్డుగా కనిపిస్తాయి. వాటి సెట్టింగులు సాధారణంగా బ్రౌజర్‌లో 192.168.8.1 చిరునామా వద్ద తెరుచుకుంటాయి. ఇవి మోడెంల జాబితాలో కనిపించకపోవడం సహజమే.

నాలుగవ మెట్టు: సిమ్, ఏపీఎన్ సరిగ్గా ఉన్నాయా?

ఇప్పుడు ‘మోడెం మేనేజర్’ వంతు. ‘ఎంఎంసీఎల్ఐ’ ఆదేశం మోడెం స్థితిని ఒక్క మాటలో చెబుతుంది. ‘లాక్డ్’ అంటే సిమ్ పిన్ అడుగుతోందని అర్థం. ‘సెర్చింగ్’ అంటే నెట్‌వర్క్ కోసం వెతుకుతోందని, ‘రిజిస్టర్డ్’ అంటే నెట్‌వర్క్‌లో నమోదైందని, ‘కనెక్టెడ్’ అంటే డేటా కనెక్షన్ ఏర్పడిందని అర్థం.

‘రిజిస్టర్డ్’ వద్దే ఆగిపోతే ఏపీఎన్‌ను సరిచూడాలి. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్ అని, ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలి. కొన్ని డాంగిళ్లు ఒకే సంస్థ సిమ్‌తో పనిచేసేలా తాళం వేసి అమ్మినవి. అటువంటి వాటిలో వేరే సంస్థ సిమ్ పనిచేయదు.

ఐదవ మెట్టు: ఆ నెట్‌వర్క్ ఇంకా ఉందా?

స్థితి ఎప్పుడూ ‘సెర్చింగ్’ అనే చూపిస్తుంటే కోల్‌కతా చరిత్రను గుర్తు చేసుకోవాలి. 3జీ డాంగిల్‌లో ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే, 2019 తరువాత ఆ నగరంలో దానికి 3జీ దొరకదు. 2జీ దొరికినా నేటి వెబ్ పేజీలకు ఆ వేగం చాలదు. 2016 సెప్టెంబర్ 5న సేవలు ప్రారంభించిన జియోకు 2జీ, 3జీ నెట్‌వర్క్‌లు మొదటి నుంచీ లేవు. కాబట్టి 3జీ డాంగిల్‌లో జియో సిమ్ ఎంత వెతికినా ఫలితం ఉండదు. ఒకప్పటి సీడీఎంఏ డాంగిళ్లకైతే దేశంలో ఎక్కడా నెట్‌వర్క్ మిగలలేదు.

4జీ అని రాసి ఉన్నంత మాత్రాన భరోసా లేదు. కోల్‌కతాలో తొలి 4జీ 2300 మెగాహెర్ట్జ్ తరంగాలపై, అంటే బ్యాండ్ 40పై నడిచింది. జియో 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ తరంగాలను వాడుతోంది. విదేశాల నుంచి తెచ్చిన డాంగిల్ ఈ బ్యాండ్లను అందుకోలేకపోతే, డ్రైవర్ ఎంత చక్కగా ఉన్నా సిగ్నల్ రాదు.

పారవేసే ముందు, కొనే ముందు

కోల్‌కతాలోని చాందినీ మార్కెట్ వంటి చోట్ల పాత ఎలక్ట్రానిక్ వస్తువులు చేతులు మారుతుంటాయి. అటువంటి చోట డాంగిల్ కొనేవారు ధరకంటే ముందు అడగవలసినవి రెండు: అది 4జీదా, ఏయే బ్యాండ్లను అందుకుంటుంది?

డాంగిళ్ల విషయంలో రెండు రకాల నష్టాలు జరుగుతున్నాయి. ఒక చిన్న సంకేతం అందితే పనిచేసే పరికరం చెత్తలోకి చేరడం మొదటిది. నెట్‌వర్కే లేని పరికరం కోసం రోజుల తరబడి డ్రైవర్లు వెతకడం, మరమ్మతుకు డబ్బు వెచ్చించడం రెండవది. మొదటి నాలుగు మెట్ల వద్ద ఆగిన డాంగిల్‌ను చాలావరకు బాగు చేసుకోవచ్చు. ఐదవ మెట్టు వద్ద ఆగినదానిని లినక్స్ గానీ, విండోస్ గానీ బతికించలేవు. దానిని ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించి, స్థానిక నెట్‌వర్క్‌కు తగిన డాంగిల్‌ను ఎంచుకోవడమే మార్గం.