అతికించిన చర్మానికి కాపలా

ప్లాస్టిక్ సర్జరీ అనగానే డాక్టర్లు ఒంట్లో ప్లాస్టిక్ ముక్కలు పెడతారని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ‘ప్లాస్టికోస్’ అనే గ్రీకు మాటకు ‘మలచడానికి వీలైనది’ అని అర్థం. దెబ్బతిన్న శరీర భాగాన్ని తిరిగి మలచడమే ఈ శస్త్రచికిత్స.

ప్రమాదంలో ఒకరి కాలి కండ ఊడి, ఎముక బయటపడిందనుకోండి. తొడ నుంచి చర్మం, కొవ్వు ఉన్న ముక్కను దాని ధమని, సిరలతో సహా వేరుచేసి, గాయం మీద కప్పుతారు. దీన్ని ‘ఫ్లాప్’ అంటారు. దాని రక్తనాళాల లావు రెండు మూడు మిల్లీమీటర్లే! వాటిని సూక్ష్మదర్శినిలో చూస్తూ, వెంట్రుక కన్నా సన్నని దారంతో కాలిలోని నాళాలకు కలిపి కుడతారు.

ఇంతటితో గండం గడిచినట్టేనా? కాదు. కుట్టిన చోట రక్తం గడ్డకడితే కొన్ని గంటల్లోనే ఫ్లాప్ చచ్చిపోవచ్చు. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు దాన్ని గంటగంటకూ చూడాలి. అమెరికా ఆసుపత్రుల్లో నర్సులతోపాటు ఈ బాధ్యత పంచుకునేవారు ఫిజీషియన్ అసిస్టెంట్లు. అక్కడ డాక్టర్ల కొరత ఉన్న రోజుల్లో, 1965లో, డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ శిక్షణను ప్రారంభించారు. నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసిన నలుగురు అందులో చేరారు. 1967లో ముగ్గురు శిక్షణ పూర్తిచేశారు. నేడు ఈ అసిస్టెంట్లు ఆపరేషన్‌లో సర్జన్‌కు చేయందిస్తారు, గాయాలు కుడతారు, ఆ తర్వాత రోగి బాగోగులు చూస్తారు.

ఫ్లాప్ ఎలా ఉందో వారికెలా తెలుస్తుంది? మీ వేలిగోరును నొక్కి వదలండి. తెల్లబడిన చోటికి రెండు మూడు సెకన్లలో ఎరుపు తిరిగి వస్తుంది. ఫ్లాప్‌ను కూడా ఇలాగే నొక్కి చూస్తారు. రంగు రాక, చల్లగా, పాలిపోయి ఉంటే ధమని మూసుకుందన్నమాట. రక్తం లోపలికి రావడం లేదు. రంగు మరీ త్వరగా వచ్చి, ఫ్లాప్ నీలంగా ఉబ్బితే సిర మూసుకుందన్నమాట. వచ్చిన రక్తం బయటికి పోవడం లేదు. నల్లని చర్మంలో ఈ మార్పు అంత తేలికగా కనిపించదు. కాబట్టి ‘డాప్లర్’ అనే పరికరంతో రక్తప్రవాహపు చప్పుడు కూడా వింటారు.

తేడా కనిపించగానే సర్జన్‌కు కబురు వెళుతుంది. వెంటనే మళ్ళీ ఆపరేషన్ చేసి, గడ్డను తీసేస్తే ఫ్లాప్ బతకవచ్చు. సిర దారికి రాకపోతే ఒక్కొక్కసారి జలగలను పట్టిస్తారు! జలగ లాలాజలంలోని ‘హిరుడిన్’ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. నిలిచిన రక్తం బయటికి పోతుంది. ఈలోగా కొత్త సన్నని నాళాలు పెరుగుతాయి. అమెరికా ప్రభుత్వం 2004లో ఈ జలగలను వైద్య సాధనంగా అనుమతించింది.

అర్ధరాత్రి రెండు గంటలకు ఆ నీలిరంగును ఎవరూ గమనించకపోతే, తెల్లవారేసరికి సర్జన్ పడిన శ్రమంతా వృథా కావచ్చు. ఆ రోగి కాలు నిలవడం, నిద్ర మానుకుని చూసే ఆ కళ్ళ మీద కూడా ఆధారపడి ఉంటుంది.