యంత్రము చెప్పు పొదుపు

క్లౌడు అని నేడు వ్యవహరింపబడునది ఆకాశమున నున్నది కాదు. అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు పెద్ద భవనములలో వేలకొలది కంప్యూటర్లను నెలకొల్పి వానిని అద్దెకిచ్చుచున్నవి. అద్దెయిల్లు వలెనే కాపురమున్నను, తాళము వేసియుంచినను సొమ్ము చెల్లింపక తప్పదు. ఈ అద్దెను తగ్గించుకొను ఉపాయమును యంత్రమే లెక్కగట్టి చెప్పు పద్ధతి యొకటి వ్యాప్తిలోనికి వచ్చినది. మన విద్యార్థులలో కొందరు రేపు ఈ వృత్తిలో ప్రవేశింపగలరు గనుక దాని తత్త్వము నెరుగుట యుచితము.

పెద్ద ప్రోగ్రామును చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును దానికి వలసిన సామగ్రితోసహా ఒక పెట్టెలో నుంచినట్లుంచుదురు. దీనికి కంటైనరని పేరు. ఇట్టి పెట్టెలను మోయుచు కలసి పనిచేయు కంప్యూటర్ల సమూహమే క్లస్టరు. ఏ పెట్టె ఏ కంప్యూటరుపై నుండవలెనో నిర్ణయించు వ్యవస్థలలో మిక్కిలి ప్రసిద్ధమైనది కుబెర్నెటీస్. గూగుల్ సంస్థ దీనిని 2014లో వెలువరించెను. గ్రీకు భాషలో ఆ పదమునకు ఓడను నడపు కర్ణధారి యని యర్థము.

పెండ్లివారి కొరకు విడిదిండ్లను అద్దెకు తీసికొనుట మన మెరిగినదే. ఒక బంధువు తనవారికి నాలుగు గదులు కావలెనని ముందుగా వ్రాసి, తీరా వచ్చి ఒక గదిలోనే సర్దుకొన్నచో తక్కిన మూడు గదులు ఇతరులకు దక్కవు. అద్దె మాత్రము పెండ్లిపెద్దపై పడును. క్లస్టరులో జరుగునది ఇదియే. ప్రతి కంటైనరునకు ఎంత ప్రాసెసరు, ఎంత మెమొరీ కావలెనో ప్రోగ్రాము వ్రాసినవారు ముందుగా కోరుదురు. కుబెర్నెటీస్ ఈ కోరికను చూచియే చోటు కేటాయించును గాని నిజమైన వాడుకను చూచి కాదు. మనుష్యు లెక్కువగా కోరుటకు కారణము స్పష్టము. చాలకపోయినచో నింద తమపై వచ్చును. మిగిలినచో బిల్లు మరియొకరు చెల్లింతురు! గూగుల్ సంస్థ తన సొంత యంత్రములను గూర్చి 2020లో ప్రకటించిన పరిశోధనపత్రములో, మనుష్యులు నిర్ణయించిన పనులలో కోరినదానిలో నూటికి 46 వంతులు వాడుకలేక మిగులుచుండగా, యంత్రము నిర్ణయించినవానిలో 23 వంతులే మిగిలెనని తెలిపినది.

ఈ సలహా యెట్లు పుట్టును? కుబెర్నెటీస్‌తో వాడు వర్టికల్ పాడ్ ఆటోస్కేలర్ అను సాధనమును చూతము. అది ప్రతి కంటైనరు వాడుకను ఎడతెగక గమనించి లెక్క వ్రాసికొనును. పాతలెక్కల విలువ, సాధారణపు అమరికలో, 24 గంటల కొకసారి సగమగును. ఎనిమిది దినముల నాటి లెక్కకు నేటిదానిలో 256వ వంతు విలువ మాత్రమే యుండును. ఆ లెక్కలలో నూటికి తొంబది యే పరిమాణమునకు లోబడియుండునో దానిని గ్రహించి, జాగ్రత్తకొరకు నూటికి 15 వంతులు చేర్చును. ప్రాసెసరులో ఒక కోరును వేయి భాగములుగా నెంచుదురు. వేయి భాగములు కోరిన కంటైనరునకు 200 భాగములే చాలుచున్నచో, సలహా 230 అని వచ్చును.

మెమొరీ విషయమున సలహా సగటును గాక ప్రతిదినపు శిఖరమును పట్టి యుండును. ప్రాసెసరు చాలనిచో పని మందగించును, అంతే. మెమొరీ చాలనిచో ప్రోగ్రాము చంపబడును.

కోరికను తగ్గించినంత మాత్రమున బిల్లు తగ్గునని భ్రమపడరాదు. గదులు ఖాళీ యగుట వేరు, ఇల్లు ఖాళీ యగుట వేరు. కంప్యూటరు లెక్కన అద్దె చెల్లించు క్లస్టరులో, కంప్యూటరు పూర్తిగా ఖాళీయై తిరిగి యొప్పగింపబడినప్పుడే సొమ్ము మిగులును. క్లస్టర్ ఆటోస్కేలర్ అను వేరొక సాధనము ఈ పని చేయును. ఒక కంప్యూటరుపై కోరికల మొత్తము దాని శక్తిలో సగమునకు లోబడి పది నిమిషము లున్నచో, అందలి కంటైనర్లకు వేరుచోట స్థలము కలదేమో చూచి, కలదేని దానిని తొలగించును. ఇదియు సాధారణపు అమరిక. కదలింపరాదని గుర్తు పెట్టబడిన కంటైన రొక్కటి యున్నను ఆ కంప్యూటరు నిలిచిపోవును. మొండిబంధు వొక్కడు కదలనందున విడిదిల్లంతయు అద్దెకు నిలిచినట్లు.

ఇక ముఖ్యమైన చిక్కును చెప్పెదను. పరీక్షాఫలితములను ప్రకటించు వెబ్‌సైటు నొకదానిని ఊహింపుడు. సంవత్సరమున పెక్కు దినములు దానిని చూచువా రుండరు. సలహాయంత్రము ఆ నిశ్శబ్దమునే లెక్కగట్టి, కోరికను పదవవంతునకు తగ్గింపు మని నిజాయితీగానే చెప్పును. ఫలితముల దినమున లక్షలమంది ఒక్కసారిగా తలుపు తట్టుదురు. అప్పుడు నిలిచిపోయిన తెర ముందు కూర్చుండి తపించువాడు పదియవ తరగతి బాలుడు; మిగిలిన అద్దెసొమ్ము అతనికి చేరదు. గడచిన వారమును మాత్రమే యెరిగిన యంత్రమునకు పంచాంగము తెలియదు. అందుచేతనే ఆ సాధనములో సలహా చెప్పి యూరకుండు స్థితియు, ఇంతకంటె తగ్గింపరాదను కనీసపు హద్దును నిర్ణయించు వీలును ఉంచబడినవి. నా దృష్టిలో ఇట్టి వెబ్‌సైటునకు ఆ రెండును తప్పనిసరి. రద్దీ వచ్చినకొలది కంటైనర్ల సంఖ్యనే పెంచు సాధనము వేరొకటి కలదు గాని, ప్రాసెసరు లెక్కనే ఆధారము చేసికొని ఆ రెంటిని కలిపి వాడరాదు. సంఖ్యను పెంచునది కోరికలో ఎన్నవ వంతు వాడబడుచున్నదో చూచును. మరియొకటి ఆ కోరికనే మార్చుచుండును.

ఫలితములు వెలువడిన మరునాడు సలహా తలక్రిందులగును. నిన్నటి రద్దీ లెక్కలో తాజాగా నుండుటచేత, యంత్రము కొన్ని దినములవరకు అవసరమునకు మించి కోరుమనును. అప్పటికి వెబ్‌సైటును చూచువారు మరల తగ్గిపోయి యుందురు.