వైరు లేని డ్రిల్లు: రాయి, ఎండ, కరెంటు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో బ్యాటరీ డ్రిల్లు ఇప్పుడు ఎలక్ట్రీషియన్ సంచి దాటి రైతు ఇంటికి కూడా చేరింది. బత్తాయి తోటలో డ్రిప్ వేయాలంటే సబ్‌మెయిన్ పైపుకు వరసగా బొక్కలు పెట్టాలి. తోట నడుమ ప్లగ్గు పాయింటు ఎక్కడుంటుంది? గాలివానకు కొట్టం మీద రేకు లేస్తే మళ్లీ స్క్రూలు బిగించాలి. ఇంట్లో నీళ్ల ఫిల్టరు, టీవీ స్టాండు గోడకు తగిలించాలి. ఇన్ని పనులకు ఒక్క మిషన్ అక్కరకు వస్తుంది కాబట్టే కొంటున్నారు.

కొన్న కొత్తలో ఉన్న మురిపెం ఏడాది తిరిగేసరికి ఉండదు. గోడలోకి దిగడం లేదని, బ్యాటరీ నిలబడడం లేదని ఫిర్యాదు మొదలవుతుంది. ఈ రెండు ఫిర్యాదులకూ మూలం మన నేలలోనే ఉంది. మొదటిది ఇక్కడి రాయి వల్ల, రెండోది ఇక్కడి ఎండ వల్ల. ఆ రెండింటి సంగతి తెలిసి వాడితే మామూలు మిషన్ కూడా ఏళ్ల తరబడి పనిచేస్తుంది, వాడే మనిషీ క్షేమంగా ఉంటాడు.

డబ్బా మీది అంకెలు

పిస్తోలులా పట్టుకుని ట్రిగ్గర్ నొక్కే డ్రిల్లుకు అమెరికాలోని బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీ 1917లో పేటెంట్ పొందింది. బ్యాటరీ డ్రిల్లును 1961లో తెచ్చిందీ అదే కంపెనీ. అప్పటి నికెల్ కాడ్మియం బ్యాటరీలు బరువెక్కువ, బలం తక్కువ. 2005 ప్రాంతంలో లిథియం అయాన్ బ్యాటరీలు ఈ మిషన్లలోకి వచ్చాకే అవి కరెంటు డ్రిల్లుతో పోటీ పడగలిగాయి.

ఒక్కో లిథియం సెల్లు 3.6 వోల్టులు. మూడు కలిపితే 10.8, దాన్నే 12 వోల్టుల మిషన్ అంటారు. ఐదు కలిపితే 18. నిండా చార్జ్ అయినప్పుడు సెల్లు 4 వోల్టులు దాటుతుంది కాబట్టి ఆ ఐదు సెల్లుల బ్యాటరీనే కొందరు 20 అని, 21 అని అమ్ముతారు. అంటే 18, 20, 21 మధ్య తేడా స్టిక్కర్లోనే. చవక మిషన్ మీద 48 అని కనబడితే లోపల సెల్లులెన్నని దుకాణంలో అడగండి. ఇక ఏహెచ్ అన్న అంకె బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెబుతుంది. 4 ఏహెచ్ బ్యాటరీ 2 ఏహెచ్ దానికి దాదాపు రెట్టింపు సేపు పనిచేస్తుంది, బరువు కూడా ఆ మేరకు పెరుగుతుంది.

మిషన్ మీద తిప్పాల్సినవి మూడు. పైన 1, 2 అని ఉండేది గేరు: 1లో నిదానంగా తిరుగుతుంది, బలం ఎక్కువ, 2లో వేగం ఎక్కువ, బలం తక్కువ. స్క్రూలకు 1, చిన్న బొక్కలకు 2. మిషన్ పూర్తిగా ఆగాకే గేరు మార్చాలి. ముందున్న అంకెల రింగు క్లచ్. స్క్రూ తగినంత బిగియగానే టకటకమని శబ్దం చేస్తూ జారిపోతుంది, స్క్రూ తల చెడదు. చిన్న అంకెతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచుకోవాలి. మూడోది సుత్తి గుర్తు, అంటే హ్యామర్. ఇది ఇటుక గోడకు, సిమెంటు గోడకు మాత్రమే. కర్రకు, ఇనుముకు, టైల్సుకు వాడకూడదు.

రాయి దగ్గర మిషన్ ఎందుకు ఓడుతుంది

భువనగిరి గుట్టను, దేవరకొండ కోటను, కోయిలకొండను చూసినవాళ్లకు మన కింద ఏముందో చెప్పనక్కర్లేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. దానిలో ముఖ్యంగా ఉండేవి ఫెల్‌స్పార్, పలుగురాయి. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలులో ఫెల్‌స్పార్ 6, పలుగురాయి 7. డ్రిల్లు బిట్లు చేసే ఉక్కు కూడా ఇంచుమించు ఆ మధ్యే ఉంటుంది. అందుకే ఇనుముకు వాడే బిట్టును రాతి మీద పెడితే రాయి అరగదు, బిట్టే అరుగుతుంది. గోడ బిట్టు కొసన చిన్న బిళ్లలా అతికించి ఉండే టంగ్‌స్టన్ కార్బైడ్ దాదాపు 9. గోడలోకి దిగేది ఆ బిళ్లే, వెనకున్న మర పొడిని బయటికి తోడుతుంది.

మాది రాతి గోడ కాదు, సిమెంటు ఇల్లేనని కొందరంటారు. కానీ స్లాబులో, బీములో, పిల్లర్‌లో పోసిన కంకర ఎక్కడిది? ఇక్కడి క్రషర్లలో నలిగిన గ్రానైటే. బొక్క నుంచి రాలే పొడిని గమనిస్తే బిట్టు ఎక్కడుందో తెలిసిపోతుంది. మొదట ప్లాస్టరింగ్ బూడిదరంగు పొడి వస్తుంది. తర్వాత ఎర్రగా మారితే ఇటుకలోకి దిగినట్టు. ఇక హాయిగా వెళ్తుంది. రంగు మారకుండా పొడి సన్నబడి, మిషన్ గొంతు కీచుమంటే కంకర రాయి తగిలినట్టు. పొడి అసలే రాక, బిట్టు కొస మెరుస్తూ బయటికొస్తే అది ఇనుప రాడ్డు. అక్కడితో ఆపి బొక్కను రెండంగుళాలు పక్కకు జరపాలి. పిల్లరులో రాడ్డును కోయడం ఇంటికే మంచిది కాదు.

రాయి తగిలినప్పుడు చాలామంది చేసే పని, ఒళ్లంతా మోపి నెట్టడం. దానివల్ల బొక్క పడదు, మోటారు వేడెక్కుతుంది. రాయి రాపిడికి లొంగదు, దెబ్బకు పగులుతుంది. వరసగా గుంతలు కొట్టి, చీలలు దిగ్గొట్టి గుండును రెండుగా చీల్చే వడ్డెరల పనితనమంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. మామూలు హ్యామర్ డ్రిల్లులో పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ చిన్నచిన్న దెబ్బలు వేస్తాయి. నిమిషానికి 20 వేలకు పైగా పడతాయి కానీ ఒక్కో దెబ్బకు బలం తక్కువ. రోటరీ హ్యామర్ అనే వేరే మిషన్‌లో పిస్టన్ గాలిని నొక్కి, ఆ గాలితో బిట్టును కొడుతుంది. దెబ్బలు తక్కువే కానీ ఒక్కోటీ రాతిని పొడి చేసేంత బలమైనది. దానికి మనిషి బలం అక్కర్లేదు, నిలకడగా పట్టుకుంటే చాలు. బిట్లు కూడా వేరే, ఎస్‌డీఎస్ అంటారు.

కాబట్టి ఇటుక గోడకు బ్యాటరీ హ్యామర్ డ్రిల్లు సరిపోతుంది. స్లాబుకు, పాత రాతి గోడకు, గుమ్మం బండకు రోటరీ హ్యామర్ కిరాయికి తెచ్చుకోవడమో, అది ఉన్న పనివాణ్ని పిలవడమో మేలు.

టైల్సు గోడైతే గుర్తు మీద కాగితం టేపు అంటించి, హ్యామర్ తీసేసి, టైల్ బిట్టుతో నిదానంగా మొదలుపెట్టాలి. టైలు దాటాకే గోడ బిట్టు, హ్యామర్. స్క్రూ కోసం గోడలో దించే ప్లాస్టిక్ గిట్టి ఎంత సైజుదైతే బిట్టూ అంతే: 8 ఎంఎం గిట్టికి 8 ఎంఎం బిట్టు. లోతు గిట్టి పొడవు కంటే ఓ సెంటీమీటరు ఎక్కువ ఉండాలి. బిట్టుకు ఆ కొలత దగ్గర టేపు చుట్టుకుంటే లోతు తప్పదు. నీళ్లు నిండిన ఫిల్టరు బరువును ప్లాస్టరింగ్‌లో ఇరుక్కున్న గిట్టి ఆపలేదు. అది ఇటుకలోకి దిగాలి.

కరెంటు

డ్రిల్లుకు వైరు లేదు కదా, షాక్ ఎలా కొడుతుందన్న ధీమా ప్రమాదకరం. గోడ లోపలి వైరుకు బిట్టు తగిలితే కరెంటు బిట్టు మీదుగా, దాన్ని పట్టి ఉంచే చక్‌లోకి వస్తుంది. చెయ్యి చక్‌ను తాకుతూ ఉంటే ప్లాస్టిక్ పిడి కాపాడదు. లోపలి వైర్లు సాధారణంగా స్విచ్ బోర్డు నుంచి నిలువుగా పైకి గానీ కిందికి గానీ, లేదంటే అడ్డంగా వెళ్తాయి. అందుకని బోర్డుకు తిన్నగా పైన, కింద, పక్కన బొక్క పెట్టకూడదు. కుళాయిల దగ్గర పైపులకూ ఇదే పద్ధతి.

కరెంటు డ్రిల్లుకు లేని ఒక పెద్ద సౌకర్యం దీనికుంది. ఇంటి మెయిన్ ఆఫ్ చేసి కూడా పని చేసుకోవచ్చు. అనుమానం ఉన్న గోడ దగ్గర తప్పకుండా ఆ పని చేయండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ ఒక్కటి ఆపితే సరిపోదు, ఇన్వర్టర్ లైన్లలో కరెంటు అలాగే ఉంటుంది. దాన్నీ ఆపి, ఫ్యాను, లైటు వేసి చూసుకున్నాకే మొదలుపెట్టాలి. బోరు దగ్గర త్రీఫేజ్ స్టార్టర్ డబ్బాకు బొక్క పెట్టాలంటే ముందు ఫ్యూజులు తీయించాల్సిందే.

చెయ్యి, కన్ను, ఊపిరి

బిట్టు గోడలో ఇరుక్కున్న క్షణాన మిషన్ తిరగబోతుంది, మణికట్టు మెలిపడుతుంది. పక్క పిడి ఉంటే బిగించి రెండు చేతులా పట్టుకోవాలి. నిచ్చెన మీద ఒంటి చేత్తో, ఒళ్లు వంచి అందుకోవడం వద్దు. నిచ్చెనను ఇంకొకరు పట్టుకోవాలి. ఇరుక్కున్న బిట్టును లాగకుండా రివర్స్‌లో తిప్పి తీయాలి. చిన్న ఇనుప పట్టీని చేత్తో పట్టుకుని బొక్క వేస్తే అది బిట్టుతో పాటు గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది. దాన్ని క్లాంపుతో బిగించాలి. మెడలో తువ్వాల, చున్నీ, కొంగు, వదులు చేతి తొడుగులు తిరిగే చక్ దగ్గరికి రాకూడదు. జుట్టు ముడి వేసుకోవాలి. కళ్లద్దాలు తప్పనిసరి, ముఖ్యంగా స్లాబుకు పైకి బొక్క పెట్టేటప్పుడు. బిట్టు మార్చే ముందు బ్యాటరీ తీసేయండి. అది కుదరకపోతే ముందుకు, వెనక్కు తిప్పే మీటను మధ్యలో పెట్టండి, ట్రిగ్గర్ లాక్ అవుతుంది.

రాతి పొడి సంగతి ఈ ప్రాంతానికి బాగా తెలుసు. షాద్‌నగర్ చుట్టుపక్కల పలుగురాయిని పొడి చేసే మిల్లుల్లో పనిచేసిన కూలీలు సిలికోసిస్ బారిన పడ్డారు. కంటికి కనబడనంత సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపరిచే జబ్బు అది. దాన్ని నయం చేసే మందు లేదు. గ్రానైటులో, కాంక్రీటులో ఉన్నదీ ఆ సిలికానే. ఏడాదికి నాలుగు బొక్కలు వేసేవారికి భయం లేదు గానీ, రోజూ సీసీ కెమెరాలు, ఫిల్టర్లు బిగించే కుర్రాళ్లకు ఇది లెక్కలోకి వస్తుంది. ముక్కుకు కట్టిన దస్తీ ఆ ధూళిని ఆపదు, ఎన్95 మాస్కు కావాలి. పడిన పొడిని చీపురుతో లేపకుండా తడిగుడ్డతో తీయాలి.

ఎండా, బ్యాటరీ

బ్యాటరీని 10 నుంచి 40 డిగ్రీల మధ్య చార్జ్ చేయమని చాలా కంపెనీల మాన్యువళ్లు చెబుతాయి. మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూస్తుంది. రేకుల షెడ్డులో, ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో వేడి ఇంకా ఎక్కువ. బ్యాటరీ ఆయుష్షు అక్కడ త్వరగా తరుగుతుంది. ఎండాకాలంలో తెల్లవారుజామునో రాత్రి తొలిజామునో, ఇంట్లో చల్లని గచ్చు మీద, మనిషి మెలకువగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టండి. పని చేసి వేడెక్కిన బ్యాటరీని వెంటనే చార్జర్‌కు తగిలించకండి, అరగంట చల్లారనివ్వండి. పరుపు మీద, గడ్డివాము పక్కన, పత్తి బోరేల దగ్గర చార్జింగ్ అసలే వద్దు.

పూర్తిగా దిగాకే చార్జ్ చేయాలన్నది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట. లిథియం బ్యాటరీని సున్నాదాకా దించితేనే దెబ్బ. నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌తో చల్లని చోట దాచాలి. స్క్రూలు, మేకులున్న సంచిలో విడి బ్యాటరీ వేస్తే టెర్మినళ్లు షార్టవుతాయి. ఉబ్బినా, పగిలినా, వాసన వచ్చినా ఇక వాడొద్దు. చార్జింగులో పొగ వస్తే ముందు మెయిన్ ఆపి, ఆ పొగ పీల్చకుండా మనుషులను దూరం పంపి 101కు ఫోన్ చేయాలి. పాడైన బ్యాటరీని చెత్తలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది.

పని అయ్యాక

మిషన్‌కు చాకిరీ పెద్దగా అక్కర్లేదు. పక్కనున్న గాలి సందుల్లో పొడిని పాత టూత్‌బ్రష్‌తో దులపాలి. చక్ దవడలను తెరిచి, కిందికి వంచి కొట్టాలి. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నర్‌తో తుడిస్తే ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది, తడిపి పిండిన గుడ్డ చాలు. పైకి బొక్క పెట్టేటప్పుడు పేపర్ కప్పు అడుగున చిల్లు చేసి బిట్టుకు తొడిగితే పొడంతా అందులో పడుతుంది, మోటారులోకి పోదు. బరువు పని తర్వాత అర నిమిషం ఖాళీగా తిప్పితే లోపలి వేడి బయటికి పోతుంది. కాలిన వాసన, నిప్పురవ్వలు ఎక్కువైతే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టు. అవి చవకే, మార్పించుకోవచ్చు. బ్రష్‌లెస్ మోటారుకు ఆ బెడద లేదు. ఎర్రగా కాలిన గోడ బిట్టును నీళ్లలో ముంచితే కొసనున్న కార్బైడ్ చిట్లుతుంది, దానంతట అదే చల్లారనివ్వాలి.

కొనేటప్పుడు ఇంటి పనిని బట్టి ఎంచుకోండి. తలుపు కీళ్లకు, రేకులకు, డ్రిప్ పైపులకు 12 వోల్టులది చాలు. ఇటుక గోడలు కూడా ఉంటే 18 వోల్టుల హ్యామర్ డ్రిల్లు, రెండు బ్యాటరీలు, నాలుగు మంచి బిట్లు తీసుకోండి. మిగిలిన డబ్బు కళ్లద్దాలకు, మాస్కులకు పెట్టండి. గుమ్మం బండ పని వచ్చిన రోజున మాత్రం ఆ మిషన్‌ను బాధపెట్టకుండా రోటరీ హ్యామర్ ఉన్న మేస్త్రీకి కబురు చేయండి.