మనుషులు నకలు, పాట అసలు

అనుకరణ అనే మాటకు సాహిత్యంలో గౌరవం తక్కువ. ఒక కవి మరొక కవిని అనుకరించాడంటే విమర్శకుడు పెదవి విరుస్తాడు. మొహమాటం లేనివాడైతే గ్రంథచౌర్యం అని కూడా అనేస్తాడు. కాని సంగీతం దగ్గరికి వచ్చేసరికి మన తూనికరాళ్ళు మారిపోతాయి. వినాయకచవితి పందిట్లో పక్కింటి కుర్రవాడు పాట అందుకుంటే, "అచ్చం ఘంటసాలేనండీ!" అని తలలూపుతాం. అంతకు మించిన మెప్పు మనకు తోచదు. రాయబారం నాటకంలో కృష్ణుడు పీసపాటి వారి బాణీలో పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు కొడతాం. ఒకచోట దోషమైనది మరొకచోట గుణం ఎలా అయిందని ఎవరూ అడగరు.

పాశ్చాత్య దేశాలలో ఈ అనుకరణ ఒక వృత్తిగా స్థిరపడిపోయింది. దాన్ని ట్రిబ్యూట్ బ్యాండు అంటారు. మనం నివాళి బృందం అనుకుందాం. ప్రసిద్ధికెక్కిన ఒక రాక్ సంగీత బృందాన్ని ఎన్నుకొని, వాళ్ళ పాటలనే, వాళ్ళ గొంతులతోనే, వాళ్ళు వాడినటువంటి గిటార్లతోనే పాడడం ఈ బృందాల పని. కొందరు అంతటితో ఆగరు. జుట్టు, కోటు, బూట్లు, నిలుచునే తీరు, పాటకూ పాటకూ నడుమ విసిరే చలోక్తి, అన్నీ దించేస్తారు. మన పగటివేషగాళ్ళు జ్ఞాపకం వస్తే తప్పు లేదు. తేడా ఏమంటే, పగటివేషగాడు రోజుకొక వేషం కడతాడు; వీళ్ళలో కొందరు ఒకే వేషంలో ఇరవై ముప్పై ఏళ్ళు గడిపేస్తారు.

ఈ వ్యవహారం నిన్న మొన్నటిది కాదు. 1977లో న్యూయార్కు బ్రాడ్వేలో "బీటిల్‌మేనియా" అనే ప్రదర్శన మొదలైంది. దాని లండను ప్రదర్శనలో వేషాలు కట్టినవారు 1980లో "బూట్‌లెగ్ బీటిల్స్" అనే బృందం కట్టారు. 1988లో ఆస్ట్రేలియాలో రెండు బృందాలు పుట్టాయి: స్వీడన్ దేశపు "అబ్బా" పాటలకు మెల్‌బోర్న్‌లో ఒకటి, "పింక్ ఫ్లాయిడ్" పాటలకు అడిలైడ్‌లో ఒకటి. ఈ రెండవదాని సంగతి తమాషాగా ఉంటుంది. పింక్ ఫ్లాయిడ్‌లో గిటారు వాయించే డేవిడ్ గిల్మర్ 1996లో తన 50వ పుట్టినరోజు విందుకు ఈ నకలు బృందం చేతనే వాయింపించుకున్నాడు! త్యాగరాజస్వామి దిగివచ్చి, తన ఆరాధనోత్సవంలో ముందు వరుసలో కూర్చున్నట్టు లేదూ?

గుహలో కచేరీ

మా అక్కయ్య కొడుకు ఇంగ్లండులో, మాంచెస్టరులో ఇంజనీరు. పోయిన వేసవి సెలవులలో వాడి దగ్గర కొన్నాళ్ళున్నాను. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూనే, "మామయ్యా, శనివారం బీటిల్స్ కచేరీకి పోదాం, టిక్కెట్లు కొనేశాను" అన్నాడు.

"బీటిల్సా? వాళ్ళు 1970లోనే విడిపోయారు కదరా! అప్పటికి నేనింకా పుట్టలేదు."

"వాళ్ళు కాదులే మామయ్యా, వాళ్ళలాంటి వాళ్ళు."

"లాంటివాళ్ళను చూడడానికి టిక్కెట్టు కూడానా?"

"మన ఊళ్ళో ఘంటసాల ఆరాధనకు ఏటేటా ముందు వరుసలో కూర్చునేది ఎవరు?"

ఇక నా దగ్గర జవాబు లేదు.

వాడు ఆ మాట అనడానికి కారణం ఉంది. వాడికి ఘంటసాల గొంతు పట్టుబడింది. అక్కడి తెలుగువాళ్ళు ఎక్కడ కలుసుకున్నా వాడిచేత రెండు పాటలైనా పాడించకుండా వదలరు. అయితే రెండేళ్ళుగా వాడు గిటారు ముందు పెట్టుకొని స్వయంగా పాటలు కడుతున్నాడు. ఒక నోటుపుస్తకం నిండింది కూడా. వాటిని పాడమని మాత్రం ఎవరూ అడగరు. ఒక పెద్దమనిషి, "నీ పాటలకేం నాయనా, తరువాత వినవచ్చు. ముందు ఆ పాత పాట అందుకో" అన్నాడట. ఈ సంగతి వాడు నవ్వుతూనే చెప్పాడు గాని, రెండుసార్లు చెప్పాడు.

లివర్‌పూల్ నగరంలో మాథ్యూ వీధి అని ఒక ఇరుకు వీధి. అక్కడ నేలమాళిగలో ఉంది కావెర్న్ క్లబ్బు. కావెర్న్ అంటే గుహ. పేరుకు తగినట్టే ఉంటుంది. 1957 జనవరిలో జాజ్ సంగీతం కోసం తెరిచిన ఈ గుహలోనే 1961, 1963 సంవత్సరాల మధ్య బీటిల్స్ 292 సార్లు వాయించారని లెక్క కట్టి చెబుతారు. అసలు గుహ ఇప్పుడు లేదు. భూగర్భ రైలుమార్గం పనుల కోసమని 1973లో మూసివేసి పూడ్చేశారు. తరువాత పాత ఇటుకలను తవ్వి తీసి, వాటితో 1984లో తిరిగి కట్టారు. అంటే, ఇటుకలు అసలువి, గోడలు నకలువి.

మెట్లు దిగి, ఆ ఇటుక కమానుల కింద చోటు చూసుకొని నిలబడ్డాం. నల్లసూట్లలో నలుగురు వచ్చారు. నొసలు మూసే జుట్టు. అందరికీ ఒకే తీరు. పాల్ మెకార్ట్నీ వేషగాడు వయొలిన్ ఆకారపు గిటారును ఎడమచేతి వాటంగా పట్టుకున్నాడు. అసలు పాల్ పుర్రచేతివాడు. ఈ వేషం కోసం, పుట్టుకతో కుడిచేతి వాటం గలవాళ్ళు సైతం కొందరు ఎడమచేత్తో వాయించడం నేర్చుకున్నారు. సాధన చేసినవారికి తెలుస్తుంది, అదెంత తపస్సో! వీణ పట్టిన చేతులు మార్చి మళ్ళీ సరళీస్వరాల నుంచి మొదలుపెట్టినట్టు.

డోలు మోత గుండెలోపల కొట్టింది. మాటలు నాకు సగమైనా తెలియలేదు. కాని ముగ్గురు గొంతులు కలిపి ఒక్కసారి పైకెత్తినప్పుడు, భాష తెలియకపోవడం పెద్ద లోపమనిపించలేదు. నా పక్కన దాదాపు ఎనభై ఏళ్ళ ఆవిడ మనవరాలి చేయి పట్టుకొని నిలబడి ఉంది. ఆఫీసులో పనిచేసే రోజుల్లో మధ్యాహ్నం భోజనం వేళ ఇక్కడికి పరుగెత్తుకు వచ్చేదాన్నని మావాడితో చెప్పింది. కచేరీ ఎలా ఉందంటే, పాట బాగానే ఉంది గాని ఆ సూట్లే తప్పు అన్నది. ఆమె మొదట చూసినప్పుడు ఆ కుర్రవాళ్ళు తోలుకోట్లలో ఉండేవారట. వేదిక మీదనే తింటూ, సిగరెట్లు కాలుస్తూ పాడేవారట. మన పల్లెల్లో నాటకం చూస్తూ, "ఆ రోజుల్లో కృష్ణుడు ఇలా నిలుచునేవాడు కాదయ్యా" అనే తాతయ్యలు కళ్ళముందు మెదిలారు. నకలును నిలదీసే హక్కు అసలును చూసినవాళ్ళకే కదా!

అసలువాళ్ళు పాడని పాటలు

విశ్రాంతి తరువాత సూట్లు పోయి రంగురంగుల కోట్లు వచ్చాయి. 1967 నాటి పాటలు మొదలయ్యాయి. ఇక్కడే ఉంది అసలు విశేషం.

1965 ఆగస్టులో న్యూయార్కులోని షే స్టేడియంలో బీటిల్స్ కచేరీకి 55 వేల మందికి పైగా వచ్చారు. ఆ కేకలలో పాడేవాళ్ళకే తమ పాట వినిపించలేదు. వాళ్ళ ఆంప్లిఫయర్లు వంద వాట్లవి; ఆ జనసముద్రానికి అవి ఏ మూలకు? వినేవాడు వినక, పాడేవాడికి వినపడక పాట ఎవరికోసం? 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి కచేరీ చేసి, వాళ్ళు వేదిక దిగిపోయారు. ఆపైన స్టూడియోలో కూర్చుని, నాలుగు వరుసల టేపు మీద పొరమీద పొర ఎక్కిస్తూ పాటలు అల్లారు. 1967లో వచ్చిన "సార్జెంట్ పెప్పర్స్" రికార్డులో ఒక్క పాట కోసం నలభైమంది వాద్యగాళ్ళను పిలిపించారు. 1969 జనవరి 30న లండనులో ఒక మేడమీద కాసేపు వాయించినా, ఈ పాటల జోలికి పోలేదు. విడిపోయిన తరువాత ఎవరికి వారు పాడుకున్నవి ఉండవచ్చు గాని, నలుగురూ కలిసి ఆ రికార్డులోని పాటలను జనం ఎదుట ఏనాడూ పాడలేదు. జాన్ లెనన్ 1980లో, జార్జి హారిసన్ 2001లో పోయారు. ఇక ఆ ఆశ కూడా లేదు.

కాబట్టి ఆ రాత్రి నేను విన్నదానికి అసలు కచేరీ అంటూ లేనే లేదు. నకలువాళ్ళే మొదటివాళ్ళు! నలభైమంది చేసిన పని ఆ రాత్రి ఒక్క మనిషి కీబోర్డు మీద చేశాడు. వేదిక పక్కన చీకట్లో కూర్చున్నాడు. వేషం లేనిది అతనొక్కడికే.

విశ్రాంతి సమయంలో మావాడు ఆ బృందంలోని గిటారు వాయించేవాడిని పలకరించాడు. అతనికి సొంత పాటలు ఉన్నాయట. రికార్డు కూడా తెచ్చాడట. తన పాటలు వినడానికి ఇరవైమంది వస్తే, ఈ వేషంలో పాడితే హాలు నిండుతుందని చెబుతూ నవ్వాడు. ఆ నవ్వు అసలుదో నకలుదో నాకు అంతుపట్టలేదు. మావాడు మాత్రం ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

నకలు ఎంతవరకు?

తిరుగు రైలులో అడిగాడు: "మామయ్యా, నేను పాడుతుంటే జనం నన్ను వింటున్నారా, ఘంటసాలను తలుచుకుంటున్నారా?"

"ఆయన 1974లో పోయాడు. తలుచుకోవడానికి ఎవరో ఒకరి గొంతు కావాలి కదరా" అన్నాను.

ఆ జవాబు వాడికి చాలలేదు; న్యాయంగా చూస్తే చాలదు కూడా. తెల్లవార్లూ మాట్లాడుకున్నాం. ఆ మాటల సారం ఇది.

అనుకరణ మొదట బడి. బీటిల్స్ కూడా ఆ బడిలో చదివినవారే. 1960, 1962 మధ్య జర్మనీలోని హాంబర్గు క్లబ్బులలో రాత్రులకు రాత్రులు వాళ్ళు పాడినవాటిలో చాలావరకు చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ వంటి అమెరికావారి పాటలు. 1963లో వచ్చిన వాళ్ళ మొదటి పెద్ద రికార్డులోని 14 పాటలలో 6 ఇతరులవే. ఘంటసాల మాత్రం? విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద శిష్యరికం చేసిన తరువాతనే కదా ఘంటసాల అయ్యాడు!

బడిలోనే ఉండిపోయినవారికి ఒక్కొక్కప్పుడు సింహాసనమూ దక్కుతుంది. అమెరికాలో "జూడాస్ ప్రీస్ట్" పాటలు పాడే నివాళి బృందంలోని టిమ్ ఓవెన్స్‌ను 1996లో ఆ అసలు బృందమే గాయకుడిగా పెట్టుకుంది. ఫిలిప్పీన్స్‌లో ఇతరుల పాటలు పాడుకునే ఆర్నెల్ పినెడాను, యూట్యూబ్‌లో చూసి, "జర్నీ" అనే అమెరికా బృందం 2007లో పిలిపించుకుంది. కథ ఇంతటితో ముగిస్తే బాగానే ఉంటుంది. కాని ఓవెన్స్ కథ ఇంకొంచెం ఉంది. 2003లో పాత గాయకుడు తిరిగివచ్చాడు. ఓవెన్స్ చోటు ఖాళీ చేయవలసి వచ్చింది. అరువు గొంతుతో ఎక్కిన సింహాసనం అంతే. అసలువాడు ఎప్పుడు తలుపు తట్టినా లేవాలి.

అయినా ఈ బృందాలను చిన్నచూపు చూడనక్కరలేదు. దొంగతనమూ లేదు, బ్రిటనులో కచేరీశాలలు చెల్లించే లైసెన్సు రుసుం లోంచి పాట కట్టినవారికి వాటా చేరుతుంది. రికార్డు ఎన్నేళ్ళయినా చెక్కుచెదరకుండా అదే పాట వినిపిస్తుంది, నిజమే. కాని రికార్డుకు చెమట పట్టదు, ఊపిరి అందక తడబడదు, ఎదుట ఉన్న ముసలామె ముఖం చూసి మరో చరణం అందుకోదు. అందుకు మనిషి కావాలి. తన పేరు పక్కన పెట్టి ఆ పాటకు ఒక రాత్రి తన ఒళ్ళు అరువిచ్చే మనిషి చేసేది సేవే. అయితే అరువిచ్చినదేదో, తనకోసం దాచుకున్నదేదో అతనికి తెలిసి ఉండాలి. మొత్తం ఇచ్చేసినవాడికి వేషం తీశాక మిగిలేదేమిటి?

మొన్న ఉగాదికి మావాడు అక్కడి తెలుగువాళ్ళ సభలో పాడాడు. ఫోనులో విన్నాను. రెండు ఘంటసాల పాటలకూ చప్పట్లు మోగిపోయాయి. మూడవది తన నోటుపుస్తకంలోది. చప్పట్లు కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువగా వచ్చాయి. పాట ఎలా ఉందంటారా? పల్లవి ఘంటసాల బాణీలోనే ఉంది. చరణంలోకి వచ్చేసరికి మాత్రం నేను ఇంతకుముందు వినని గొంతు ఒకటి వినిపించింది.