అటక మీది తలుపులు

పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆవిడకు టైప్ 2 డయాబెటిస్. "మీ ఒంట్లో ఇన్సులిన్ ఉందమ్మా, కానీ దాని మాట కండరాలు వినడం లేదు" అని డాక్టరుగారు చెప్పారట. మధ్యాహ్నం భోంచేశాక డాబా మీద ఓ పావుగంట అటూ ఇటూ నడిచిన రోజు మీటరులో అంకె తక్కువ వస్తోందట. ఆవిడ అడిగింది ఇదీ: "ఇన్సులిన్ మాట విననప్పుడు, ఆ తగ్గిన షుగర్ ఎక్కడికి పోయిందండీ? దాన్ని ఎవరు తీసుకెళ్ళారు?"

ఈ నెల వేరే విషయం రాద్దామనుకున్నాను. ఇది చదివాక దాన్ని పక్కన పెట్టేశాను. 'ఎవరు తీసుకెళ్ళారు' అన్న ఆ రెండో ప్రశ్న మీద శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాలు కొట్టుకున్నారు మరి.

ముందు చిన్న లెక్క. మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. షుగర్ 100 ఉందంటే ఆ మొత్తం రక్తంలో ఉన్న గ్లూకోజ్ 5 గ్రాములు, ఒక్క చెంచాడు. కంచంలో పావుకిలో అన్నం వడ్డించుకుంటే అందులో పిండిపదార్థం 70 గ్రాములు. చెంచాడు సరుకు తిరిగే చోటికి పద్నాలుగు చెంచాలు వచ్చిపడుతున్నాయి. కాలేయం కొంత దాచుకుంటుంది, మెదడు తన వాటా తాను తీసుకుంటుంది. రక్తంలో ఇన్సులిన్‌ను ఎక్కువ స్థాయిలో నిలిపి ఉంచి కొలిస్తే, బయటికి వెళ్ళే గ్లూకోజులో నాలుగింట మూడు వంతులకు పైగా కండరాలకే చేరుతుందని 1980ల మొదట్లో రాల్ఫ్ డిఫ్రాంజో చూపించాడు. అందుకే షుగర్ జబ్బు కథలో కండరానిది పెద్ద పాత్ర. ఇన్సులిన్ తయారుచేసే క్లోమం గురించి ఇప్పటికే బోలెడు రాశారు, నేను రాయను.

క్లినిక్ గోడల మీద ఒక బొమ్మ కనిపిస్తుంటుంది. కణానికి తలుపు, తలుపుకు తాళం, ఇన్సులిన్ ఆ తాళంచెవి. ఆ బొమ్మ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందులో తలుపు గోడకే ఉంటుంది. అసలు విచిత్రమంతా అక్కడే పోయింది. విశ్రాంతిగా ఉన్న కండర కణంలో తలుపుల్లో చాలా భాగం గోడకు ఉండవు. ఊడదీసి, లోపల అటక మీద పెట్టి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి కబురు చెబితే కణం వాటిని దించి గోడకు బిగిస్తుంది. కబురు ఆగితే మళ్ళీ అటకెక్కిస్తుంది.

ఇది తెలియడానికి చాలాకాలం పట్టింది. 1940లలో ఈ రంగానికి పెద్ద దిక్కు కోరీ దంపతులు, కార్ల్, గెర్టీ. 1947లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. గ్లూకోజుకు లోపల ఫాస్ఫేట్ తగిలించే హెక్సోకైనేజ్ అనే ఎంజైము మీదే ఇన్సులిన్ ప్రభావమంతా అని వాళ్ళ ప్రయోగశాల వాదం. కణం గోడ దాటడం ఒక సమస్యేనని అప్పట్లో చాలామంది అనుకోలేదు. చికాగోలో రాక్‌మీల్ లెవీన్ 1949లో కాలేయం, మూత్రపిండాలు తీసేసిన కుక్కలకు గాలక్టోజ్ ఎక్కించాడు. తెలివంతా ఆ ఎంపికలో ఉంది. గాలక్టోజ్ గ్లూకోజుకు దగ్గరి చుట్టమే గానీ కండరం దాన్ని వాడుకోలేదు. అయినా ఇన్సులిన్ ఇవ్వగానే రక్తంలో గాలక్టోజ్ పడిపోయింది. ఎవరూ ఖర్చుపెట్టలేని చక్కెర తగ్గిందంటే అది గోడ దాటి లోపలికి పోయిందన్నమాట. ఇన్సులిన్ పని గోడ దగ్గర ఉంది, ఎంజైము దగ్గర కాదు. నోబెల్ వచ్చిన ప్రయోగశాల చెప్పినదాన్ని తప్పుపట్టడానికి కాసింత ధైర్యం కావాలి.

గోడ దగ్గర ఏం జరుగుతోందో తేలింది 1980లో. శామ్యూల్ కుష్‌మన్, వార్డ్‌జాలా ఒకవైపు, సుజుకి, కోనో మరోవైపు, ఎవరికి వారుగా ఎలుకల కొవ్వు కణాల్లో లెక్కపెట్టారు. ఇన్సులిన్ తగిలాక గోడ మీద గ్లూకోజ్ రవాణా ప్రోటీన్లు ఎన్ని పెరిగాయో, లోపల దాదాపు అన్ని తగ్గాయి. కొత్తవి తయారవలేదు, ఉన్నవే కదిలాయి. కొవ్వులోనూ కండరంలోనూ ఇలా కదిలే ప్రత్యేక ప్రోటీన్‌కు తరవాత గ్లూట్-4 అని పేరొచ్చింది. 1989లో దాని జన్యువును ఒకటికి మించిన బృందాలు పట్టుకున్నాయి. ఈ ప్రోటీన్ కణం గోడను పన్నెండుసార్లు అటూ ఇటూ కుట్టినట్టు దాటుతుంది. బయటికి తెరుచుకుని ఒక గ్లూకోజ్ అణువును పట్టుకుంటుంది, ఆకారం మార్చుకుని లోపలికి తెరుచుకుని వదిలేస్తుంది. ఎక్కువ ఉన్నవైపు నుంచి తక్కువ ఉన్నవైపుకు పంపడమే కాబట్టి ఇందుకు శక్తి కూడా ఖర్చుకాదు.

ఇప్పుడు పాలకొల్లు ప్రశ్నకు వద్దాం. నడిచేటప్పుడు తలుపులు దించింది ఎవరు?

దీని మొదటి ఆనవాలు ఇన్సులిన్ కంటే పాతది. 1887లో ఫ్రాన్సులో షోవో, కౌఫ్‌మన్ అనే ఇద్దరు గుర్రం పై పెదవిని ఎత్తే కండరంలోకి వెళ్ళే రక్తాన్నీ, బయటికి వచ్చే రక్తాన్నీ పరీక్షించారు. గుర్రం మేత నములుతుంటే ఆ కండరం గుంజుకునే గ్లూకోజ్ బాగా పెరిగింది. ఇన్సులిన్ బయటపడడానికి అప్పటికింకా 34 ఏళ్ళుంది. 1926లో లండన్ డాక్టరు ఆర్.డి. లారెన్స్, తానూ షుగర్ రోగే, ఇన్సులిన్ ఇచ్చాక వ్యాయామం చేస్తే షుగర్ మరింత పడుతుందని చూపించాడు. ఇక్కడే ఆలోచన దారి తప్పింది. వ్యాయామం ఇన్సులిన్‌కు సాయం చేస్తుంది సరే, కానీ దానంతట అది ఏమీ చేయలేదని చాలామంది నమ్మారు. కొంచెమైనా ఇన్సులిన్ ఉంటేనే కండరం గ్లూకోజ్ తీసుకోగలదని 1975లో ఒక పేరున్న బృందం ప్రయోగంతో సహా ప్రకటించింది. అది పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది.

దాన్ని దింపింది 1984లో కోపెన్‌హేగన్‌లోని ప్లౌగ్, గాల్బో, రిక్టర్. ఎలుక వెనక కాళ్ళ కండరాల్లోకి ఇన్సులిన్ లేని ద్రవం ప్రవహింపజేసి, విద్యుత్తుతో కండరాన్ని ముడుచుకునేలా చేశారు. గ్లూకోజ్ లోపలికి వెళ్ళింది. 'ఇన్సులిన్ అక్కర్లేదు' అన్న సంగతిని వ్యాసం శీర్షికలోనే పెట్టేశారు. పరిశోధకులు అంత ఉడుకుగా శీర్షిక పెట్టడం అరుదు. 1990ల మధ్యలో ఇంకో ఆధారం దొరికింది. వర్ట్‌మానిన్ అనే రసాయనంతో ఇన్సులిన్ సంకేతమార్గాన్ని కట్ చేస్తే ఇన్సులిన్ పని ఆగిపోయింది, కదలిక పని సాగింది. దారులు రెండు.

రెండో దారిలో కబురు మోసేది ఎవరు? అది తెలియాలంటే ముందు కండరం దేన్ని ఖర్చుపెడుతుందో తెలియాలి. ఇక్కడ మన ఊరివాడు వస్తాడు. పాలకొల్లుకు పక్కనున్న భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1922లో హిల్, మేయర్‌హాఫ్‌లకు నోబెల్ వచ్చాక, కండరం లాక్టిక్ ఆమ్లం వల్లనే ముడుచుకుంటుందని అందరూ స్థిరపడిపోయారు. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, సుబ్బారావు పిల్లి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. కండరం పనిచేస్తే అది తగ్గుతోంది, విశ్రాంతిలో తిరిగి పెరుగుతోంది. 1929లో వాళ్ళే కణాల ఇంధనమైన ఏటీపీని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా చేశాడు. 1930లో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారవకుండా విషం పెట్టిన కండరం కూడా ముడుచుకుంటుందని చూపేసరికి పాత సిద్ధాంతం కూలిపోయింది. సుబ్బారావు పేరు చెప్పగానే మనవాళ్ళు ఫోలిక్ ఆమ్లం, మందులు అంటారు. నాకు మాత్రం ఆయన కండరం పనే ఎక్కువ ఇష్టం.

కండరం ముడుచుకుంటే ఏటీపీ ఖర్చయి ఏడీపీ అవుతుంది. ఫాస్ఫోక్రియాటిన్ వెంటవెంటనే భర్తీ చేస్తుంది కాబట్టి ఏటీపీ మట్టం పెద్దగా పడదు. మరి ఇంధనం తగ్గుతోందని కణానికి ఎలా తెలియాలి? రెండు ఏడీపీలు కలిసి ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ అవుతాయి. మామూలుగా ఏఎంపీ నామమాత్రంగా ఉంటుంది. అందుకే ఏటీపీ రవ్వంత తగ్గినా ఏఎంపీ ఎన్నో రెట్లు ఎగబాకుతుంది. ఏఎంపీకే అనే ఎంజైము పట్టుకునేది ఈ ఎగబాకడాన్నే. తరిగిపోతున్న సరుకును కొలవకుండా, పెరిగిపోయే చిల్లరను కొలుస్తుంది. ఇంత ఆర్భాటం లేని తెలివి ప్రకృతిలో మరోచోట నేను చూడలేదు.

1996లో విండర్, హార్డీ వ్యాయామంలో ఏఎంపీకే చురుకవుతుందని చూపాక, అంతా దాని చలవే అన్నారు. అదీ సగం తప్పే. 2001లో మోరిస్ బర్న్‌బామ్ బృందం కండరంలో ఏఎంపీకే పనిచేయని ఎలుకలను తయారుచేస్తే, ముడుచుకున్న కండరంలోకి వెళ్ళే గ్లూకోజ్ కొంత తగ్గింది, సగానికి పైగా మిగిలే ఉంది. కాల్షియం, కండరం లాగుడు, రాక్1 అనే మరో ప్రోటీన్, అన్నీ తలా ఒక చెయ్యి వేస్తున్నాయని ఇప్పటి లెక్క. ఇన్సులిన్ దారీ ఈ దారీ చివర్లో దాదాపు ఒకే చోటికి చేరతాయి. తలుపులను అటక మీద పట్టి ఉంచే టీబీసీ1డీ4, దాని తోబుట్టువు టీబీసీ1డీ1 అనే ప్రోటీన్ల దగ్గరికి. వాటికి ఫాస్ఫేట్ తగిలితే పట్టు సడలుతుంది.

టైప్ 2లో పాడయ్యేది ఎక్కువగా ఇన్సులిన్ కబురు వచ్చే దారి. తలుపులు అరిగిపోలేదు, కదలిక దారి తెగిపోలేదు. 1999లో టైప్ 2 ఉన్నవారి చేతా లేనివారి చేతా సైకిలు తొక్కించి కండరం ముక్క తీసి చూస్తే, గోడ మీద గ్లూట్-4 ఇద్దరిలోనూ ఒకేలా, 70 శాతానికి పైగా పెరిగింది. పాలకొల్లువారి షుగర్ వారి తొడలోకీ పిక్కలోకీ వెళ్ళింది. కొంత అక్కడే మండింది, మిగిలింది గ్లైకోజెన్‌గా చేరింది. కాలేయానికి ఉన్నట్టు గ్లూకోజును తిరిగి వదిలే ఎంజైము కండరానికి లేదు. కాబట్టి లోపలికి పోయిన గ్లూకోజ్ మళ్ళీ గ్లూకోజుగా రక్తంలోకి రాదు.

తలుపులను పట్టి ఉంచే ఆ ప్రోటీన్ ఎంత ముఖ్యమో గ్రీన్‌లాండ్‌లో కనబడింది. అక్కడి ఇన్యూట్ ప్రజల్లో టీబీసీ1డీ4 కండర రూపాన్ని మధ్యలోనే ఆపేసే జన్యుమార్పు ఉందని 2014లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వచ్చినవారు 4 శాతం దాకా ఉన్నారు. వారికి పరగడుపున షుగర్ మామూలుగానే ఉంటుంది, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు మాత్రం పైకి లేస్తుంది. టైప్ 2 వచ్చే అవకాశం సుమారు పది రెట్లు. వీరిలోనూ ఒంటికి పని ఎక్కువ ఉన్నవారికి ఆ రెండు గంటల అంకె తక్కువగా ఉందని తరవాతి అధ్యయనం చెప్పింది.

ఇక ఉపయోగాల సంగతి. కదలకుండా ఏఎంపీకేను మేల్కొలిపే మాత్ర కోసం కంపెనీలు చాలా డబ్బు పోశాయి. మెర్క్ వారి ఎంకే-8722 జంతువుల్లో షుగర్ చక్కగా తగ్గించింది, దాంతోపాటు గుండెనూ పెంచింది. 2022లో హ్యూస్టన్‌లో కూర్చునే మడమ ఎత్తే పిక్క వ్యాయామం మీద వచ్చిన అధ్యయనంలో పాల్గొన్నవారి సంఖ్య చాలా తక్కువ, ప్రచారం మాత్రం ఊరంతా. నడక మీద నాకేమీ ఫిర్యాదు లేదు. తిన్నాక గంటలోపు, అంకె ఎక్కుతున్న సమయంలో నడిస్తే లాభం ఎక్కువ. అయితే ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి రెండు దారులూ కలిసి లాగేస్తాయి. పైగా బాగా కష్టపడ్డ కండరం ఇన్సులిన్ మాటకు ఒకటి రెండు రోజుల దాకా చురుగ్గా స్పందిస్తుంది. ఆ రాత్రి షుగర్ మరీ పడిపోవచ్చు. డోసు గురించి ముందే డాక్టరుతో మాట్లాడుకుని, జేబులో కాస్త గ్లూకోజ్ పెట్టుకుని నడవండి.