పసుపు క్యాసెట్‌లో మారియో: ఫోన్‌లోకి కాపీ చేసుకుంటే తప్పా?

వేసవి సెలవులకి కోనసీమలో అమ్మమ్మగారింటికి వెళ్తే మాకు రెండే పనులు. పొద్దున్న కాలవలో ఈత, మధ్యాహ్నం కరెంటు ఉన్నంతసేపు వీడియో గేమ్. పసుపు క్యాసెట్ మీద ‘9999 ఇన్ 1’ అని ఉండేది. తీరా చూస్తే అందులో ఉన్నవి కొన్ని గేములే, అవే మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆడకపోతే క్యాసెట్ పీకి ఓసారి ఊది పెట్టేవాళ్లం.

మొన్న రాజమండ్రిలో ఓ షాపులో అరచేతిలో పట్టే రెట్రో కన్సోల్ చూపించారు. “వేల గేములు కార్డులో ఎక్కించే ఇస్తాం సార్” అన్నాడు కుర్రాడు. చెయ్యి జేబులోకి వెళ్లాక డౌట్ కొట్టింది: ఇది లీగలేనా?

ఎమ్యులేటర్ వరకూ అయితే భయం లేదు. అది పాత మెషీన్‌లా నడిచే సాఫ్ట్‌వేర్, అంతే. అమెరికాలో కనెక్టిక్స్ మీద సోనీ వేసిన కేసులో 2000లో అప్పీలు కోర్టు కనెక్టిక్స్ వైపే నిలబడింది. 2024 ఏప్రిల్‌లో యాపిల్ కూడా యాప్ స్టోర్‌లోకి రెట్రో ఎమ్యులేటర్లని రానిచ్చింది. మరి యుజు ఎందుకు మూతపడిందంటారా? స్విచ్ గేముల తాళాలు తీసే వ్యవహారం అది. తీర్పు దాకా వెళ్లకుండానే 24 లక్షల డాలర్లకి రాజీ పడ్డారు.

అసలు పేచీ గేమ్ ఫైల్ దగ్గరే, అంటే రామ్ దగ్గర. మన 1957 కాపీరైట్ చట్టం లెక్కలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే. వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’, మారియో కోడ్ ఒకే బెంచీ మీద కూర్చున్నట్టన్నమాట! రచయిత పోయాక 60 ఏళ్ల వరకూ హక్కులుంటాయి. పంతులుగారు 1919లో పోయారు కాబట్టి ఆ పుస్తకం ఎవరైనా వేసుకోవచ్చు. 1985 నాటి మారియోని సృష్టించిన మియామోతో ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. కంపెనీ అమ్మడం మానేసిందన్నంత మాత్రాన గేమ్ ఫ్రీ అయిపోదు.

అయితే సెక్షన్ 52లో ఒక దారుంది. మీరు చట్టబద్ధంగా సంపాదించుకున్న కాపీ నుంచి, వ్యాపారానికి కాకుండా సొంత వాడకానికి ప్రోగ్రామ్‌ని కాపీ చేసుకోవచ్చు. ఒరిజినల్ క్యాసెట్ మీ దగ్గరుంటే మీ వాదన గట్టిదే. నెట్‌లో దొరికిన ఫైల్‌కి ఇది వర్తించదు. ఇక మన 9999 క్యాసెట్... అదే పైరసీ సరుకు! దాన్నుంచి తీసిన కాపీకి ఈ మినహాయింపు ఎక్కడిది?

గేములు ఎక్కించి అమ్మేవాళ్లకి సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. తెలిసి పైరసీ ప్రోగ్రామ్ వాడినవాళ్లకీ 63బి ఉంది. లాభానికి వాడలేదని తేలితే కోర్టు జైలు వదిలేసి, 50 వేలకి మించకుండా జరిమానా వెయ్యొచ్చు.

చట్టం ఇక్కడ మరీ బిర్రుగా ఉందనే నేనంటాను. అమెరికాలో విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకట్లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. పాత పుస్తకం కావాలంటే గౌతమీ గ్రంథాలయానికి వెళ్తాం. పాత గేమ్ కావాలంటే ఎక్కడికెళ్లాలి?

కాంట్రా మాత్రం స్టీమ్‌లో ‘యానివర్సరీ కలెక్షన్’గా దొరుకుతోంది. ‘మైక్రో మేజెస్’ లాంటి కొత్త ఎన్‌ఈఎస్ గేములకైతే తయారుచేసినవాళ్లే రామ్ ఫైల్ అమ్ముతున్నారు. అందుకే ఆ కుర్రాణ్ణి కార్డు తీసేసి ఉత్త కన్సోల్ ఇమ్మన్నా.

“కార్డు లేకుండా ఎవరు కొంటారు సార్?” అన్నాడు. రేటు మాత్రం తగ్గించలేదు.