బొమ్మలో బేల్దారి ఎక్కడ?

తమ్ముళ్ళారా,

తిరుచానూరు హాస్టల్లో ఉంటూ తిరుమలకు పోని వాళ్ళు మనలో ఉండరు. అక్కడ మహాద్వారం దాటగానే శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడిన విగ్రహాలు చూసే ఉంటారు. మరి గుళ్ళకు రాళ్ళు మోసినవాళ్ళ బొమ్మలేవి? హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మాకీ ప్రశ్న తట్టలేదు. పీజీలో చేరి లేపాక్షి చూశాక తట్టింది.

హిందూపురం దగ్గరున్న లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుత దేవరాయల కాలంలో (1529-42) విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. పైకప్పు నిండా రంగుల బొమ్మలే. అలాంటి బొమ్మల్లో ఎవరు ఎవరో తెలియాలంటే మూడు చూడాలి: మనిషి ఎంత పెద్దగా ఉన్నాడు, ఏం తొడుక్కున్నాడు, చేతిలో ఏముంది. వీరభద్రుడు బ్రహ్మాండంగా ఉంటాడు. ఆయన పక్కన చిన్నగా మొక్కుతున్నవాళ్ళే కట్టించినవాళ్ళు. ఇంకోచోట పొడుగు కుళ్ళాయిలతో, పరివారంతో విభూతి అందుకుంటున్నదీ వాళ్ళే. ఉలి పట్టిన చెయ్యి మాత్రం మాకు కనబడలేదు.

కానీ గుడి ఆవరణలో నేల బండమీద పళ్ళేల్లాంటి గుంటలున్నాయి, కూరలకు చిన్న గుంటలతో సహా. పనివాళ్ళు అన్నం తినడానికి చెక్కుకున్నారని ఊరివాళ్ళు చెబుతారు.

పనివాళ్ళను కూడా గీసిన బొమ్మ ఒకటి తర్వాత పుస్తకంలో చూశాం. అది ఇటలీలోని సియానాలో, శాంతా మరియా దెల్లా స్కాలా ఆసుపత్రి గోడమీద ఉంది. ఆసుపత్రిని పెంచి కడుతున్న దృశ్యాన్ని దొమేనికో ది బార్తోలో 1440లలో వేశాడు. పెద్దమనుషులు, గుర్రపురౌతు ఉన్న బొమ్మలోనే ఇటుకలు మోసేవాళ్ళూ, గోడ కట్టేవాళ్ళూ ఉన్నారు. దిక్కులేని పిల్లల్ని పెంచి చదివించిన ఆసుపత్రి అది. గోడమీద సున్నం తడిగా ఉండగానే రంగు వేసే చిత్రాన్ని ఫ్రెస్కో అంటారు. ఆ పద్ధతిలో బేల్దారి ఆరోజు ఎంత మేర సున్నం పూస్తే చిత్రకారుడు అంతవరకే వేయగలడు. అంటే బేల్దారి లేనిదే బొమ్మే లేదు.

మా నాన్న బేల్దారి. తాను గోడలు కట్టిన లాడ్జి ఒకటి చూపిద్దామని మమ్మల్ని పిలుచుకుపోతే, వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. ఆరోజు సిగ్గుతో తల దించుకున్నాం. ఈమధ్య నాన్నను కూర్చోబెట్టి, ఆయన పనిచేసిన ఇళ్ళు, బడులు, గుళ్ళు అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాం. నాలుగు పేజీలు నిండాయి.

ఈ సెలవులకు మీరూ అడిగి రాసుకోండి.